కోటమ్మ ఛాతీ ఫిల్ము

“ఎక్స్‌రే ఫిల్ము ఇంత శుభ్రంగా ఉంటే ఇంకా దేనికి అనుమానపడాలి సార్?” అని అడిగింది డాక్టర్ నీరజ. ఛాతీ వైద్యంలో పీజీకి చేరి అప్పటికి ఏడాది. మా ఆదిశేషయ్య సారును ప్రశ్న అడగడమంటే కొరివితో తల గోక్కోవడమేనని వార్డు నర్సులమైన మాకందరికీ తెలుసు. ఆయన జవాబు చెప్పరు, అడిగినవాళ్లకే పని పెడతారు.

మంచం మీద కూర్చున్న కోటమ్మ గుంటూరు యార్డులో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నట్టు నిరుడు తెలిసింది. భర్త పోయాక మందులు మానేసింది. మూడు వారాలుగా జ్వరం, పొడి దగ్గు. “మా యార్డులో దగ్గనోళ్లెవరమ్మా? అది ఘాటు. నన్ను పంపిచ్చెయ్యండి, పని పోద్ది,” అని ఉదయం నుంచి ఒకటే పోరు. డిశ్చార్జి కాగితం నీరజ చేతిలో సిద్ధంగా ఉంది. సారు దాన్ని తీసుకుని జేబులో పెట్టుకున్నారు.

“ఈమెతో కబుర్లు చెబుతూ వరండా చివరిదాకా నడిచి రామ్మా. వేలికి ఆ క్లిప్పు ఉంచు,” అన్నారు. చక్రాల కుర్చీతో వెనకే వెళ్లమని నాకు కనుసైగ చేశారు. కుర్చీ తోసుకుంటూ కదిలాను.

ఆక్సిజన్ చూపే ఆ క్లిప్పు మీద తొంభై ఆరు ఉంది. తొడిమ ఎలా తీస్తారని నీరజ అడిగేసరికి కోటమ్మకు హుషారొచ్చింది. “గట్టిగా లాక్కూడదమ్మా, కాయ చిట్లి గింజ రాలిందంటే మేస్త్రి ఊరుకోడు, బొటనేలితో ఇట్టా పట్టి...” ఇరవై అడుగులు వేశారో లేదో మాటలు కురచయ్యాయి. “ఇట్టా... తిప్పి...” తొంభై ఒకటి. ఎనభై ఏడు. నీరజ కబుర్లు మరిచిపోయి అంకెల వంకే చూస్తోంది. ఎనభై మూడు. కోటమ్మ గోడ పట్టుకుంది, పెదవులు నల్లబడ్డాయి. ఎలా కూర్చోబెట్టామో, ఎలా వెనక్కి పరిగెత్తామో నాకిప్పటికీ సరిగా గుర్తు లేదు.

ఆక్సిజన్ పెట్టారు. సీటీ స్కాన్ కోసం ఆగకుండానే సారు మందు మొదలుపెట్టించారు. సాయంత్రం వచ్చిన సీటీలో రెండు ఊపిరితిత్తులూ ఆవిరి పట్టిన అద్దంలా మసకగా ఉన్నాయి. ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లను పట్టుకునే ఫంగస్ న్యుమోనియా. మూడు రోజులు మా ఎవరికీ అన్నం సయించలేదు. నాలుగోనాడు ఆక్సిజన్ కొంచెం తగ్గించగలిగాక నీరజ ఆ పాత ఫిల్ము తెచ్చి మళ్లీ వెలుతురుకు పెట్టింది.

“ఇప్పటికీ ఇందులో నాకేమీ కనబడటం లేదు సార్. నా చూపులోనే లోపమా?”

“లేదమ్మా, నాకూ కనబడదు,” అన్నారు సారు. “ఇది తీసేటప్పుడు కోటమ్మతో ఏమన్నారు? కదలకు, ఊపిరి బిగబట్టు అనేగా.”