కొత్త కేక, పాత భుజాలు

“ఆ రెండూ పొసగవని ఏడాది నించీ చెప్తన్నాను. మీ చెవికెక్కితేగా,” అంది నూకాలు నిండు కొలువులో, మంత్రి మొహమ్మీదే.

ఒకానొక రాజ్యంలో రాజుగారికి పెద్ద పెద్ద కంప్యూటర్లుండేవి. వాటి గది చూసుకునేది ఈ నూకాలు. ఒక్కో యంత్రాన్ని పదిగా పంచి, ఆ బరువంతా అడుగున మోసేది హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్. పైన కూచుని దానికి పనులు పురమాయించేది క్లౌడ్ సాఫ్ట్‌వేర్. ఏ వెర్షన్‌కి ఏ వెర్షన్ జతో అమ్మినోళ్లే కాగితం రాసిచ్చారు.

మంత్రి విరూపాక్షయ్య ఆ కాగితం చదవలేదు. చదివితే పరువు పోతుందనుకున్నాడేమో. పైదానికి కొత్త వెర్షన్ ఎక్కించేశాడు. కిందది పాతదే.

ఇంకేముంది, పైది చెప్పేది కిందదానికి తెలీలేదు. ఆ కంప్యూటర్ల మీద నడిచే రేషన్ కొట్లు మూతబడ్డాయి. మూడు రోజులు జనం ఖాళీ సంచులతో ఎండలో మాడారు.

“కిందున్నది పైదాన్ని బట్టి సర్దుకోవాలి. సర్దుకోలేదంటే తప్పు దాన్ని చూసుకునే ఈ నూకాలుదే. పన్లోంచి తీసెయ్యండి ప్రభూ,” అన్నాడు మంత్రి.

“రేపు తేలుస్తాను,” అన్నాడు రాజు.

నూకాలుకి ఒళ్లు మండిపోయింది. అయినా పళ్లు బిగబట్టి, బయటికొచ్చాక మంత్రితో వినయంగా అంది. “అయ్యా, ఇంత గొప్పోరు, మీ పల్లకీ ముందు ఇంకా మోసేవాళ్ల ఆ మోటు కేకలేంటి? సంస్కృతంలో అడుగులు చెప్పే పండితుణ్ణి పెట్టుకోరాదా?”

మంత్రి మీసం దువ్వుకున్నాడు.

తెల్లారి పల్లకీ లేచింది. పండితుడు గొంతు సవరించి, “వామపాదం పురతః” అన్నాడు, ఎడంకాలు ముందుకని. ఒకడు కుడికి లాగాడు, ఒకడు ఎడమకి. పల్లకీ కోట వాకిట్లో గిర్రున తిరిగింది. మంత్రి తలపాగా దుమ్ములో పడింది.

“నడవండ్రా,” అని అరిచాడు మంత్రి.

“ఆయనేవంటన్నాడో తెలిస్తేగా బాబూ,” అన్నాడు ముందు మోసేవాడు.

మేడమీంచి చూస్తన్న రాజు, “ఏంటిది?” అన్నాడు.

“పండితుడిలో లోపం లేదు ప్రభూ. మోసేవాళ్లలోనూ లేదు. జత కుదర్లేదంతే,” అంది పక్కనే ఉన్న నూకాలు. “కిందోళ్లే సర్దుకోవాలన్నారుగా మంత్రిగారు. సర్దుకోమనండి.”

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నూకాలుకి శాలువా కప్పి, ఆ గది పెత్తనమంతా ఆవిడకే ఇచ్చాడు. “మరి ఈ నష్టం ఎవరు కడతారు?” అని అడిగాడు.

“కాగితం చదవనోరు,” అంది.

పాత వెర్షన్ మళ్లీ ఎక్కించిన కూలీ, మూడు రోజుల నష్టం కలిపి మంత్రి సొంత సంచిలోంచి కట్టింది మూడొందల నలభై ఏడు వరహాలు, రెండు రూకలు.