సన్నజాజి నేర్పిన ఆట

పార్థివ నామ సంవత్సరం, మార్గశిర మాసం. పొద్దున్నే గుర్రాల ముక్కుల్లోంచి పొగలు వచ్చే చలికాలం. అప్పట్లో, పిల్లలూ, కుంతలగిరి అనే దేశానికి భద్రసేనుడనే రాజు ఉండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వీరకేతు, నడిపివాడు రత్నకేతు, చిన్నవాడు నందకేతు.

నందకేతు పుట్టిన రోజునే రాణి కన్నుమూసింది. పాలకి ఏడుస్తున్న పసివాణ్ణి ఎవరు ఎత్తుకున్నా ఊరుకోలేదు. చివరికి శాలలో అప్పుడే ఈనిన తెల్లగుర్రం పాలు పిండి పట్టారు. అవి తాగి వాడు నిద్రపోయాడు. ఆ గుర్రం పేరు సన్నజాజి. దానికి మాటలు వచ్చు. కానీ ఆ పిల్లవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడేది కాదు. వాడు దాన్ని జాజమ్మా అనేవాడు. అది వాణ్ణి నాయనా అనేది.

ఎక్కడికి బయల్దేరినా వాడు ముందు దాని మెడ మీద రెండుసార్లు తట్టేవాడు. సంతోషం వేస్తే తట్టేవాడు. భయం వేస్తే తట్టేవాడు. ఆ చెయ్యి ఎప్పుడు లేచేదో వాడికే తెలిసేది కాదు.

అన్నలిద్దరూ గురువుల దగ్గర కత్తిసాము, చదరంగం నేర్చుకున్నారు. చిన్నవాడు శాలలోనే పెరిగాడు. గుర్రాల్ని తోమడం తప్ప వాడికి ఇంకేమీ రాదని అందరూ నవ్వేవాళ్ళు.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతల ఉండే కాలదంతుడనే మాంత్రికుడు పొరుగు రాజు కూతురు కనకాంగిని ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం పంజరంలోని చిలకలో ఉందని లోకమంతా చెప్పుకునేది. వీరకేతు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రత్నకేతు వెళ్ళాడు, తిరిగి రాలేదు. ముసలి రాజు తలుపు దగ్గరే మంచం వేయించుకుని దారి చూస్తూ కూర్చున్నాడు.

"నేను వెళ్ళొస్తాను నాన్నగారూ" అన్నాడు నందకేతు.

"నీకేం వచ్చని వెళ్తావురా? ఉన్నవాడివి నువ్వొక్కడివే" అన్నాడు రాజు.

"అన్నల్ని తీసుకొస్తాను" అని కాళ్ళకి దండం పెట్టి, శాలకి పోయి, సన్నజాజి మెడ మీద రెండుసార్లు తట్టాడు.

"గట్టిగా పట్టుకో నాయనా. నా దూకు ఒక్కోటి రెండున్నర సముద్రాలు" అంది సన్నజాజి.

మొదటి దూకుకి మూడో సముద్రం నడుమ ఒక దీవిలో పడ్డారు. అక్కడొక ముసలి ఏనుగు చెరుకు నములుతోంది.

"కాలదంతుడి ఇంటికా? వాడు వచ్చినవాళ్ళతో చదరంగం ఆడతాడయ్యా. నీకు వచ్చా?" అంది.

"రాదు."

"బాగుంది. ఈత రాకుండా ఏట్లో దిగే రకం నువ్వు. కూర్చో" అని ఏనుగు తొండంతో ఇసుకలో గళ్ళు గీసింది. అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది. "మొత్తం అరవై నాలుగు. నేను మూలగడిలో ఉంటాను. తిన్నగానే నడుస్తాను, ముందుకైనా వెనక్కైనా పక్కకైనా. దారిలో ఎవరూ లేకపోతే ఎంత దూరమైనా పోతాను. ముందు వరసలో ఉండేవాళ్ళు బంట్లు. ఒక్కో అడుగు ముందుకే. చంపాలంటే మాత్రం ఐమూలగా చంపుతారు."

"వెనక్కి రారా?"

"బంటుకి వెనక్కి రావడం లేదు నాయనా. చివరి గడి దాకా బతికి చేరితే వాడు మంత్రి అవుతాడు. ఇంకో మాట. ముట్టుకున్న పావుని కదపాల్సిందే. పొరపాటున ముట్టినా అంతే."

"అదెంత పని!" అని నవ్వాడు నందకేతు.

ఏనుగు నవ్వలేదు.

రెండో దూకుకి ఐదో సముద్రం ఒడ్డున పడ్డారు. అక్కడొక ఒంటె ముళ్ళకంప మేస్తోంది.

"ఏనుగు నేర్పిందా? దానికి తిన్నదనం తప్ప తెలీదు. నేను ఐమూలగా పోతాను. తెల్లగడిలో పుడితే చచ్చేదాకా తెల్లగళ్ళే, నల్లగడిలో పుడితే నల్లగళ్ళే. మంత్రి ఉన్నాడే, వాడు నాలానూ నడుస్తాడు, ఏనుగులానూ నడుస్తాడు. అందుకే వాడికంత పొగరు" అంది ఒంటె. "ఎందరొచ్చారో ఇలా! అందరికీ మంత్రి మీదే కళ్ళు. ఒక్కడూ నా మాట వినలేదు. నువ్వు విను. ఏ పావు దేనికి కాపలా ఉందో చూసుకో. అది అక్కణ్ణించి కదిలితే అక్కడ తలుపు తెరుచుకుంటుంది."

మూడో దూకుకి అర సముద్రం ఎక్కువై, తిన్నగా మాంత్రికుడి పెరట్లో, అరటిచెట్ల మధ్య పడ్డారు. అక్కడ చిలకకి జామకాయ పెడుతున్న కనకాంగి ఉలిక్కిపడి చూసింది.

"మీరు కూడా చిలక కోసమే వచ్చారా?" అంది.

"మా అన్నల కోసం వచ్చాను."

ఆమె వేలు పెట్టి ముంగిలి వైపు చూపించింది. ముంగిట్లో రాతిమనుషుల వరస ఉంది. చివర వీరకేతు, పక్కన రత్నకేతు. పెద్దవాడి చెయ్యి ఇంకా దేన్నో పట్టుకోబోతున్నట్టే ఉంది.

"పెద్దాయన చిలక మెడ నులిమాడు. అది వల. ముట్టినవాడు రాయి అవుతాడు. ఈ చిలక మళ్ళీ లేచి కూర్చుంది. చిన్నాయన ఆట ఆడాడు. కనిపించిన పావునల్లా చంపుకుంటూ పోయి రాజుని మరిచిపోయాడు, ఓడి రాయి అయ్యాడు. ఆ మాంత్రికుడి ప్రాణం చిలకలో లేదండీ. నల్లరాజు బొమ్మలో ఉంది" అంది కనకాంగి.

"అయితే దాన్ని చంపేస్తే సరి."

"రాజుని చంపడం ఉండదు నాయనా" అంది సన్నజాజి. అరటిచెట్ల నీడలో మిగిలిన పాఠం అది చెప్పింది. "రాజు ఏ పక్కకైనా ఒక్క అడుగు వేస్తాడు. ఆయన మీదికి పోతే షా అని చెప్పాలి. తప్పుకోవడానికి చోటు లేక, అడ్డం పెట్టుకోవడానికి మనిషి లేక, మీదికొచ్చిన పావుని చంపనూ లేకపోతే, అది ఆటకట్టు. ఇక నా నడక. రెండున్నర గళ్ళు. రెండు తిన్నగా, పక్కకి ఒక మలుపు. మధ్యలో ఎవరున్నా దూకేస్తాను. అందుకే నేను షా చెప్తే అడ్డం పెట్టడం ఎవరి వల్లా కాదు."

ముంగిలి నిండా నల్లవీ తెల్లవీ అరవై నాలుగు రాతిపలకలు. పావులన్నీ మనిషెత్తు రాళ్ళు. తెల్లవరసలో ఒక గుర్రపు గడి మాత్రం ఖాళీగా ఉంది. ఆ గడి చుట్టూ ఇసుక పేరుకుని ఉంది.

"ఎక్కి వచ్చిన గుర్రమే అక్కడ నిలబడాలి. అది నా ఇంటి షరతు. పావు మీద చెయ్యి వేసి గడి చెప్పు, అదే నడుస్తుంది" అన్నాడు కాలదంతుడు, పళ్ళు కుట్టుకుంటూ. "మీ చిన్నన్న గుర్రం బాగానే నిలబడింది. కాసేపు!"

"దీన్ని వదిలెయ్యండి. ఇంకేదన్నా అడగండి" అన్నాడు నందకేతు.

సన్నజాజి తనే నడిచి వెళ్ళి ఆ గడిలో నిలబడింది.

ఆట మొదలైంది. చచ్చిన పావు చచ్చినచోటే ఇసుకగా రాలిపోతోంది. నందకేతుకి ఏనుగు మాట గుర్తుంది, ఒంటె మాట గుర్తుంది. తొందరపడలేదు. మధ్యాహ్నానికి నల్లరాజుని నల్లపావుల మధ్యే మూలకి ఇరికించాడు. ఆ పక్క తన ఏనుగు దూసుకుపోయే దారికి ఒక నల్ల ఒంటె కాపలా ఉంది. ఇంతలో మాంత్రికుడు మంత్రిని దింపాడు. ఇంకొక్క ఎత్తు, నందకేతు పని ఆటకట్టు.

తన తెల్లరాజుని పక్కకి జరపాలనుకున్నాడు. జరిపితే ఆట ఇంకా సాగుతుంది. లేచి రాజు వైపు నడిచాడు. దారిలో సన్నజాజి ఉంది. చెయ్యి లేచింది. దాని మెడ మీద రెండుసార్లు తట్టాడు.

"ముట్టావు బాబూ, ముట్టావు!" అని కాలదంతుడు తొడ చరిచాడు.

నందకేతు చేతిని వెనక్కి లాక్కున్నాడు. "ఆడదామని కాదు. అది నా అలవాటు" అన్నాడు.

"ఏడవకు నాయనా. గళ్ళు చూడు. నాకెన్ని ఉన్నాయి?" అంది సన్నజాజి.

"రెండే, జాజమ్మా."

"మొదటిదాంట్లో నిలబడితే?"

"నువ్వు బతుకుతావు. వాడు మన ఆట కట్టేస్తాడు."

"నువ్వు రాయివవుతావు, మీ అన్నల పక్కన. రెండో గడిలో?"

వాడు నల్ల ఒంటె వైపు చూశాడు.

"చెప్పు. నేర్పినదాన్ని నేనే కదా."

"అక్కడ నువ్వు షా చెప్తావు. వాడి రాజుకి చోటు లేదు. అడ్డం పెట్టడం కుదరదు. నిన్ను చంపాలి. చంపగలిగేది ఆ ఒంటె ఒక్కటే."

"అది కదిలితే?"

"ఏనుగుకి తలుపు తెరుచుకుంటుంది."

"చూశావా, ఆట వచ్చేసింది నీకు. చెయ్యి వెయ్యి. ఈసారి కాసేపు ఉంచు."

వాడు చెయ్యి వేసి కాసేపు ఉంచాడు. తర్వాత గడి చెప్పాడు. సన్నజాజి బంట్ల తలల మీంచి దూకి నిలబడి "షా" అంది. కాలదంతుడి నవ్వు ఆగిపోయింది. చాలాసేపు చూశాడు. ఇంకో దారి లేదు. నల్ల ఒంటె ఐమూలగా వచ్చింది. తెల్లగుర్రం నిలబడ్డ పలక మీద గుప్పెడు తెల్ల ఇసుక మిగిలింది.

నందకేతు కళ్ళు తుడుచుకోకుండానే ఏనుగు మీద చెయ్యి వేశాడు. ఏనుగు తిన్నగా చివరి వరసకి పోయింది.

"ఆటకట్టు" అన్నాడు.

నల్లరాజు నిలువునా పగిలాడు. కాలదంతుడు కూర్చున్నచోటే ఒరిగిపోయాడు. రాళ్ళన్నీ మనుషులయ్యాయి. వీరకేతు చేతిని ముడుచుకుని, "తమ్ముడూ, నువ్వా! ఎలా వచ్చావురా?" అన్నాడు. నందకేతు పలక మీది ఇసుకని పైపంచెలోకి ఎత్తుకుంటున్నాడు. కనకాంగి పక్కన కూర్చుని మిగిలిన రేణువులు ఏరి పెట్టింది.

మూడు దూకుల్లో పోయిన దారి పడవ మీద తిరిగి రావడానికి మూడేళ్ళు పట్టింది. ముసలి రాజు ముగ్గురినీ తడిమి చూసుకున్నాడు. నందకేతుకీ కనకాంగికీ పెళ్ళయింది. రాజ్యం తమ్ముడికే ఇమ్మని అన్నలే అడిగారు. అతను నలభై ఏళ్ళు ఏలాడు. దొంగలు లేరు, కరువు లేదు. రాజు మాత్రం ఎంత దూరమైనా నడిచే వెళ్ళేవాడు. మనవలకి చదరంగం నేర్పేటప్పుడు ముందు చేతులు వెనక్కి కట్టుకోమనేవాడు. ఆ తర్వాతే గళ్ళు గీసేవాడు.

ఆ ఆటలో పోయింది ఒక తెల్లగుర్రం. పేరు సన్నజాజి. వయసు ఇరవై రెండేళ్ళు.