కొట్టేసిన జవాబు

ఫరీదాకు ఆ ఒక్క కాగితం కొరుకుడు పడలేదు.

దర్గా వైద్యశాలకు వచ్చే నలభైమంది షుగరు రోగుల దగ్గర కూర్చుని, బతుకు ఎలా సాగుతోందని తలా ముప్ఫై ప్రశ్నలడిగి మార్కులు వేసింది. అందరిలోకీ అధ్వాన్నం వంటాయన బుడేన్ సాహెబ్‌ది. అరికాళ్లు మండుతాయి, కాలి వేళ్లకు స్పర్శ లేదు, నిద్ర పట్టదు. తీపి తినలేని బాధ ఎంతుందంటే "నిండా ఉంది" అన్నాడు.

చివరి ప్రశ్న, మొత్తం మీద మీ జీవితం ఎలా ఉంది?

"చాలా బాగుంది."

ముసలాయనకు ప్రశ్న అర్థం కాలేదనుకుంది ఫరీదా. జవాబు కొట్టేసి 'బాగా లేదు' అని రాసింది. ఆయన్ను పొయ్యి పని మాన్పించాలని కింద చేర్చి, దర్గా గురువు హజ్రత్ చేతికిచ్చింది.

హజ్రత్ చదువుతూ కొట్టివేత దగ్గర ఆగారు.

"ఇది ఆయన మాటేనా?"

"పొరపాటున అన్నారు హజ్రత్. మిగతా ఇరవై తొమ్మిదీ చూడండి."

"పద బేటీ, వంటశాలకు."

మర్నాడే ఉరుసు. పల్లీ ఉండల కోసం బాణలిలో బెల్లం పాకం ఉడుకుతోంది. బుడేన్ సాహెబ్ పొయ్యికి వీపు పెట్టి, చేటలో పల్లీల పొట్టు చెరుగుతున్నాడు. హజ్రత్ గరిటె తీసి ఫరీదాకిచ్చారు.

"పాకం వచ్చినప్పుడు చెప్పు."

ఆమె నీళ్ల పళ్లెంలో ఓ చుక్క వేసింది. కరిగిపోయింది. మళ్లీ వేసింది. కాస్త నిలిచినట్టనిపించింది.

"వచ్చింది."

"రాలేదు తల్లీ" అన్నాడు బుడేన్ సాహెబ్, తల తిప్పకుండానే.

"చూడకుండా ఎలా చెప్తారు చాచా?"

"నువ్వు మాట్లాడుతుంటే నాకు వినబడదు డాక్టరమ్మా."

ఫరీదా నోరు మూసుకుంది. ఎంత చెవి పెట్టినా ఆమెకు ఒకటే బుడబుడ. ఉన్నట్టుండి చేట ఆగింది.

"దించు."

చుక్క నీళ్లలో పడి, గోళీలా గుండ్రంగా నిలిచింది.

బుడేన్ సాహెబ్ ఆ ఉండను తీసి హజ్రత్ అరచేతిలో పెట్టాడు. ఆయన నోట్లో వేసుకున్నారు. ముసలాయన రెప్ప వేయకుండా ఆ ముఖాన్నే చూస్తున్నాడు. హజ్రత్ దవడతోపాటు అతని దవడా మెల్లగా కదిలింది. ఇద్దరూ ఒక్కసారే గుటక వేశారు. ముసలాయన ముఖంలోకి వచ్చిన వెలుగును ఫరీదా కళ్లారా చూసింది. తన ముప్ఫై ప్రశ్నల్లో అది ఎక్కడా లేదు.

ఆమె నెమ్మదిగా అంది. "కాళ్లు కాలినా ఆయనకు తెలియదు హజ్రత్."

"చెప్పులు తొడిగించు. పొయ్యి లాక్కోకు."

ఆమె కాగితం తీసుకుని, తను రాసింది కొట్టేసి, 'చాలా బాగుంది' అని తిరిగి రాసింది.

"చాచా, ఇంకొక్క ప్రశ్న."

"ముప్ఫై అయిపోయాయన్నావుగా!"

"ఇది కాగితంలో లేదు. ఆ చప్పుడు నాకెందుకు వినబడలేదు?"

బుడేన్ సాహెబ్ పీట ఆమె వైపు జరిపాడు.

"రెండో బాణలి ఎక్కిస్తున్నా. కూర్చో. మాట్లాడకు."