రెండు ఆఠీన్లు అనేముందు

మా బందరు క్లబ్బులో బ్రిడ్జి నేర్పే రంగనాయకులు మాస్టారికి ఒక అలవాటుండేది. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "వచ్చి పక్కన కూర్చో, చూద్దాం" అనేవారు. సర్వే ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు నక్షలు గీసిన మనిషి. గొలుసు పట్టి కొలవందే నోరు విప్పడం ఆయనకు చేతకాదని ఆయన భార్య తాయారమ్మ నవ్వేది.

ఆయన దగ్గర కొత్తగా చేరిన శిష్యురాలు హైమవతి. బ్యాంకులో ఉద్యోగం. తెలివైన పిల్ల, కాస్త తొందర. ఒక సాయంత్రం పాఠం అయ్యాక అడిగింది.

"మాస్టారూ, ముక్కలు బాగుంటే గేముకి వెళ్తాను. బాగోకపోతే ఆగుతాను. అటూ ఇటూ కాని చెయ్యి ఒకటి వస్తుంది చూడండి, దానికేం చెయ్యాలి? వెళ్తే మునుగుతాను. ఆగితే వారం రోజులు అన్నం సయించదు."

"ఆదివారం ఆలుమగల పోటీ ఉంది. నా వెనక కూర్చో" అన్నారు మాస్టారు.

ఆట తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. నాకూ తాయారమ్మ ఇలాగే చెప్పింది. యాభై ఆరో ఏట నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆవిడే, కనుక ఆవిడ ఏది చెప్పినా నాకు తేలిగ్గా ఎక్కుతుంది. బ్రిడ్జిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. మనిషికి పదమూడు ముక్కలు. ఒకరి ముక్కలు ఒకరు చూడకూడదు. ఆట మొదలయ్యే ముందు, మేం ఇన్ని పట్లు పడతామని వేలం పాటలా పైకి పాడుకుంటూ పోవాలి. మొదటి ఆరు పట్లు పాటలో లెక్కకు రావు, ఆపైనవే పాడాలి. నాలుగు ఆఠీన్లు అని పాడి పది పట్లు పడితే దాన్ని గేము అంటారు, దానికి పెద్ద బహుమానం. రెండే పాడి ఊరుకున్నవాళ్ళు పది పట్టినా ఆ బహుమానం రాదు. నాలుగు పాడి పది పట్టలేకపోతే ఎదుటివాళ్ళకి పండగ.

ఇంకొక నియమం ఉంది. నాకు అన్నిటికంటే వింతగా తోచింది అదే. జతగాడు నోటితో పాడినదాన్నిబట్టే మనం నడవాలి. అతను ఎంతసేపు ఆలోచించాడు, ఊపిరి ఎలా వదిలాడు, ముక్కలు ఎన్నిసార్లు సర్దుకున్నాడు, ఇవేవీ మనం వినకూడదు. పొరపాటున చెవిని పడితే, అది ఎటు లాగుతుందో అటు మాత్రం వెళ్ళకూడదు. చుట్టాల ముఖాలు చూసే బతుకంతా గడిపినదాన్ని, ఇలాంటి ఆట కూడా ఒకటుంటుందా అనుకున్నాను.

ఆలుమగల పోటీలో తాయారమ్మ పంతొమ్మిదేళ్ళుగా ఆడుతోంది. నాలుగుసార్లు రెండో స్థానం. కప్పు ఒక్కసారీ ఇంటికి రాలేదు. ఈమధ్య వేళ్ళ కీళ్ళు వాచి ముక్కలు పట్టులో నిలవడం లేదు, జారిపోతున్నాయి. "ఇదే ఆఖరు వదినా" అని నాతో ముందే చెప్పింది. అద్దాల బీరువాలో పింగాణీ గిన్నెలు కిందికి దించి ఒక అర ఖాళీ చేసి పెట్టుకుంది. ఆ సంగతి మాస్టారికి తెలియదనుకుంది. ఆ ఇంట్లో గిన్నె కదిలితే ఆయనకు తెలియకుండా ఉంటుందా.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి ఆట మిగిలేసరికి ఈ ఇద్దరూ, ఒక డాక్టరు దంపతులూ సమానంగా ఉన్నారు. ఇక్కడ పంచిన ముక్కలే ఆ డాక్టరు దంపతులకు పక్క బల్ల మీదికి వెళ్తాయి. ఎవరు బాగా ఆడితే కప్పు వాళ్ళది. మాస్టారి వెనక హైమ, తాయారమ్మ వెనక నేను కూర్చున్నాం.

మాస్టారు మొదలుపెట్టారు. "ఒక ఆఠీన్."

ఎదుటి జట్టు ఆయన పాస్ అన్నాడు, అంటే పాడనని. ఇక తాయారమ్మ వంతు.

ఆవిడ చేతిలో ఆఠీన్లు నాలుగున్నాయి, రాజుతో సహా. పక్కన ఒక ఇస్పేటు ఆసు. రెండు అనడానికి ఎక్కువ, మూడు అనడానికి తక్కువ. ముక్కలు ఒకసారి మూసింది. మళ్ళీ తెరిచింది. ఆవకాయ కలిపేటప్పుడు ఉప్పు చాలిందో లేదో తేలక గరిట గాల్లో ఆపుతుందే, అలా ఆగింది. అప్పుడు, "రెండు ఆఠీన్లు" అంది.

మాస్టారు తన ముక్కల వైపే చూస్తున్నారు. ఆయన చెయ్యి అచ్చంగా తను అడిగిన చెయ్యేనని హైమ తర్వాత నాకు చెప్పింది. అటూ కాదు, ఇటూ కాదు. ఎదుటివాళ్ళిద్దరిలో ఒకాయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు, రెండో ఆవిడ పాస్ అనేసి కిటికీలోంచి చూస్తోంది. తాయారమ్మ ఆగిన సంగతి వాళ్ళు పట్టించుకోలేదు. నాలుగు అన్నా అడిగేవాళ్ళు లేరు.

నలభై ఒక్క ఏళ్ళ కాపురం. ముక్కలు లేక ఆగితే ఆవిడ ఎలా ఆగుతుందో, ఉండి ఆగితే ఎలా ఆగుతుందో ఆయనకు తెలుసు.

"పాస్" అన్నారు మాస్టారు.

ఆట నియమం ప్రకారం తాయారమ్మ తన ముక్కలన్నీ బల్ల మీద పరిచింది. మాస్టారు ఆ ముక్కల్ని చూసి, "బాగున్నాయి తాయారూ" అన్నారు, వంట బాగుంది అన్నట్టు. నిదానంగా ఆడారు. పది పట్లు పట్టారు. పక్క బల్ల మీద డాక్టరు దంపతులు నాలుగు పాడి అవే పది పట్టారు. కప్పు వాళ్ళకిచ్చి అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే ఎక్కువసేపు మాస్టారే కొట్టారు.

మాస్టారూ తాయారమ్మా క్లబ్బు మెట్లు దిగారు. హైమా నేనూ వెనకే నడుస్తున్నాం. రిక్షా కోసం ఆగినప్పుడు ఆవిడ అడిగింది.

"ఏమండీ, నేను ఆలోచించడం మీకు వినబడిందా?"

"వినబడింది."

"ఎంతసేపు ఆలోచించానేమిటి?"

"కాఫీ చల్లారేంతసేపు."

ఆవిడ చేతిసంచీని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. "ఆగకుండా టక్కున రెండు అని ఉంటే?"

మాస్టారు రిక్షా వస్తోందేమోనని వీధి చివరకు చూశారు. అబద్ధం చెబుతారేమో అనుకున్నాను. నేనైతే చెప్పేదాన్నే.

"నాలుగు అనేవాణ్ణి" అన్నారు.

తాయారమ్మ రోడ్డు వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని ఒక అడుగు ముందుకు వేశాను. తీరా చూస్తే నవ్వుతోంది, కళ్ళల్లో నీళ్ళతోనే.

"పంతొమ్మిదేళ్ళు ఆడి కప్పుని నా చేత్తో నేనే అటు తోసేశానన్నమాట. సరే. ఇకమీదట నా ఊపిరి వినకండి."

"ఇంట్లోనా?"

"ఇంట్లో వినకపోతే ఊరుకుంటానా? బల్ల దగ్గర." రిక్షా ఎక్కబోతూ ఆగి, "వచ్చే ఏడు టక్కున అంటాను, చూడండి" అంది. ఇదే ఆఖరన్న మాట ఆవిడ మర్చిపోయింది. నేను గుర్తు చెయ్యలేదు.

హైమకి మాత్రం మనసు కుదుటపడలేదు. రిక్షా చక్రం పక్కనే నిలబడి, "ఇది అన్యాయం మాస్టారూ. పిన్నిగారి దగ్గర ముక్కలున్నాయని మీకు తెలుసు. పిన్నిగారికి ఆ కప్పంటే ఎంత ఇదో కూడా తెలుసు" అంది.

"రెండూ తెలుసు."

"మరి నేను అడిగినదానికి జవాబేది? అటూ ఇటూ కాని చెయ్యి వస్తే వెళ్ళాలా, ఆగాలా?"

మాస్టారు తాయారమ్మ పక్కన సర్దుకుని కూర్చుని, వాచిన ఆవిడ వేళ్ళ మీద కండువా కొస కప్పారు.

"తెలియనప్పుడు ధైర్యంగా వెళ్ళమ్మా" అన్నారు. "ఇవాళ నాకు తెలిసిపోయింది."