బీరువాతో నేర్చిన అడుగులు

ఏదైనా అడిగితే ఫిలోమినా టీచర్ వెంటనే జవాబు చెప్పరు. ముందు ఫ్యాన్ కిందికి కుర్చీ లాక్కుని కూర్చుంటారు, అడిగినవాళ్ళను కూడా కూర్చోమంటారు. కుర్చీ లాగారంటే కథ మొదలవుతుందని మాకందరికీ తెలుసు. సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్ల వెనక ఒక రేకుల హాల్లో ఆవిడ స్వింగ్ డాన్స్ నేర్పుతారు. ఆ హాల్లో పాటలు పెట్టే పని నాది. అందుకే ఆవిడ చెప్పే కథలన్నీ అనుకోకుండానే నా చెవిన పడుతుంటాయి.

స్వింగ్ జంటగా చేసే డాన్స్. ఏ అడుగు తర్వాత ఏది వేయాలో ముందే కుదుర్చుకోవడం ఉండదు. ఒకరు చేత్తో చెబుతారు, ఇంకొకరు చేత్తో వింటారు. పాట అయిపోగానే ఎవరికి వాళ్ళు ఇంకో జత వెతుక్కుంటారు. కొత్తవాళ్ళను టీచర్ ఇంట్లో ఏ తలుపు పిడో పట్టుకుని, కాస్త వెనక్కి ఒరిగి అడుగులు సాధన చేయమంటారు. హరిప్రియ ఆ మొదటి పాఠాన్నే పట్టుకుని కూర్చుంది. నిజామాబాద్ నుంచి బదిలీ మీద వచ్చిన అమ్మాయి, ఊళ్ళో తెలిసినవాళ్ళెవరూ లేరు. నలుగురితో పరిచయం అవుతుందనే క్లాసులో చేరింది, చేరి గదికెళ్ళి తలుపుతో స్నేహం చేసింది. శనివారం పాఠం అయ్యాక అందరూ కలిసి డాన్స్ చేసే వేళకు బ్యాగు భుజాన వేసుకునేది. ఎవరైనా చెయ్యి చాపితే, నాకింకా రాదండీ అని నవ్వి తప్పుకునేది. ఆ నవ్వు చూస్తే నాకు జాలేసేది.

ఒక శనివారం వెళ్ళబోతూ వెళ్ళబోతూ ఆగింది.

"టీచర్, తప్పులన్నీ పోయినంక అందరితోటి చేస్త. ఇంకెన్ని రోజులు పడ్తది?"

టీచర్ కుర్చీ లాక్కున్నారు. ఆవిడ చెప్పింది కోదండపాణి మాస్టారి సంగతి.

మాస్టారు జనగామ హైస్కూల్లో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ఇక్కడే స్థిరపడ్డ పెద్దమనిషి. ఆయన ఒక్కగానొక్క కూతురు మృదుల మంగుళూరు క్రైస్తవుల అబ్బాయిని ఇష్టపడింది. రెండు వైపులా ఒప్పుకున్నారు. అయితే రిసెప్షన్‌లో పెళ్ళికూతురు తండ్రితో కలిసి డాన్స్ చేయడం ఆ ఇంటి ఆనవాయితీ. మా నాన్నకు అలాంటివి రావండీ అని మృదుల వాళ్ళతో ఫోనులో చెబుతుంటే మాస్టారి చెవిన పడింది. తన మూలంగా కూతురు వియ్యాలవారి ముందు చిన్నబోకూడదని, ఎవరికీ చెప్పకుండా ఈ హాలు వెతుక్కుంటూ వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, నేలకు దండం పెట్టి లోపలికొచ్చాడు. బూట్లు వేసుకురమ్మని చెప్పడానికి టీచర్‌కు మనసొప్పలేదట.

పరాయి ఆడవాళ్ళ చెయ్యి పట్టుకోవడానికి ఆయనకు మొహమాటం. అడుగులు చూసి గుర్తుపెట్టుకుని ఇంటికెళ్ళేవాడు. గది తలుపు గడియ పెట్టి, ఇనుప బీరువా పిడి పట్టుకుని సాధన చేసేవాడు. మోకాళ్ళకు ఎక్సర్‌సైజని భార్యకు చెప్పాడు. పెళ్ళి దగ్గర పడ్డాక, చూడండి టీచరమ్మా అంటూ వచ్చి నిలబడ్డాడు. టీచర్ ఆయన చెయ్యందుకుని పాట పెట్టమన్నారు. అడుగు ఒక్కటీ తప్పలేదు. కానీ ఆవిడ ఎటు కదిలినా ఆయన చెయ్యి ఉన్నచోటే ఉంది. పాట సగంలో ఆవిడే ఆగిపోయారు.

"మంచిగున్నది మాస్టారూ. నడుమ నేనొక్కదాన్నే ఎక్కువైన."

మాస్టారు మొహం వాడిపోయింది. బీరువా కదలదు కద, మనిషితోటి నేర్చుకోవాలె, ఎవరితోటి చేయాల్నో వాళ్ళతోటే నేర్చుకోండి అన్నారు టీచర్. ఆయన బల్ల మీద కూలబడ్డాడు.

"ఆ పిల్ల నా తప్పు ఒక్కటి గూడ చూడలేదు టీచరమ్మా. ఇప్పుడు, ఈ వయసుల, దాని ముంగట తడబడాల్నా?"

టీచర్ మంచినీళ్ళిచ్చి పంపారు.

మాస్టారింట్లో చుట్టాలు దిగుతున్నారు, చీరల పెట్టెలు తెరిచి ఉన్నాయి. మృదుల వంటింట్లో నిలబడి చల్లారిన టీ తాగుతోంది. మాస్టారు గుమ్మం దగ్గర కాసేపు తచ్చాడి, చివరికి నోరు విప్పాడు. "బిడ్డా, ఆ డాన్సు నాకు వస్తలేదు. జర చెయ్యి పట్టుకుంటవా?" ఆమె గ్లాసు పక్కన పెట్టి ఆయన చెయ్యి అందుకుంది. చిన్నప్పుడు బడికి తీసుకెళ్తూ రోడ్డు దాటించడానికి పట్టుకున్న చెయ్యి, మళ్ళీ ఇదే పట్టుకోవడం. నాకూ రాదు నాయినా అందామె. గ్యాస్ సిలిండర్ పక్కకు జరిపి ఇద్దరూ మొదలుపెట్టారు. ఆయన కూతురి కాలు తొక్కాడు, కూతురు వెళ్ళి గట్టుకు గుద్దుకుంది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఏమైందోనని పరుగెత్తుకొచ్చిన భార్య గుమ్మంలోనే నిలబడిపోయిందట. పెళ్ళి దాకా రోజూ సాయంత్రం ఆ వంటింట్లో అదే పని.

పెళ్ళయ్యాక మాస్టారు మిఠాయి పెట్టెతో హాలుకొచ్చాడు. ఆ రోజు నేనూ ఉన్నాను. డాన్స్ ఎలా జరిగిందని అందరం మీద పడి అడిగాం.

"రిసెప్షన్ల మంచిగనే చేసినమంటున్నరు. నాకైతే సరిగ యాది లేదు. వంటింట్ల చేసిందే యాదికున్నది." కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నాడు. "నాకు డాన్సు ముందుగాల్నే వచ్చి ఉంటే, ఆ పిల్లను అడుగుదునా టీచరమ్మా?"

కథ అక్కడితో ఆపి టీచర్ తన గ్లాసులో మిగిలిన టీ తాగేశారు. హరిప్రియ బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"ఆమె సొంత బిడ్డ గదా టీచర్, నవ్వినా బాధ లేదు. ఇక్కడ నన్ను చూసి ఎవరన్న నవ్వితే?"

టీచర్ నాకు సైగ చేశారు, నేను తర్వాతి పాట పెట్టాను. జతలు కుదిరి అందరూ హాలు మధ్యకు చేరారు. కిటికీ పక్కన నీలం చొక్కా వేసుకున్న ఒకతను మాత్రం మిగిలిపోయాడు. ఆ రోజే చేరాడు. తన బూట్ల వంకే చూసుకుంటూ, పెదవులు కదుపుతూ అడుగులు లెక్కపెట్టుకుంటున్నాడు, లెక్క తప్పి మళ్ళీ మొదటికొస్తున్నాడు. హరిప్రియ అతణ్ణి చాలాసేపు చూసింది. చూస్తూ చూస్తూనే బ్యాగు తీసి కుర్చీ మీద పెట్టింది.

"ఆయనకు గూడ రాదు," అన్నారు టీచర్. "జల్ది పో బిడ్డా. లేటైతే ఆయన నేర్చేసుకుంటడు."