శాపాల గురివి దీవెనమ్మ అయిన కథ

అప్పుడెప్పుడో, కృష్ణ ఒడ్డున పల్నాటి ఊళ్ళకి బండిబాటలే తప్ప రోడ్లు లేని కాలం. ఏ ఏడో అడక్కండి, నాకు చెప్పినవాళ్ళు నాకు చెప్పలేదు. నేను చెప్తాను, మీరు ఊఁ కొట్టండి. ఊఁ ఆగిందా, కథా ఆగుతుంది.

నాపరాళ్ళ గోడలున్న ఒక ఊరు. ఊరికి తూర్పున గూడెం. గూడెంలో ఒక గుడిసె. గుడిసెలో ఒక ఒంటరి ఆడమనిషి. పేరు గురివి. మొగుడు పాముకాటుకి పోయాడు. పిల్లల్లేరు. చేను లేదు, చెలక లేదు, గొడ్డూ గోదా లేవు. ఉన్నదల్లా ఒక్కటే. నోరు.

అలాంటిలాంటి నోరు కాదు. గురివి జుట్టు విరబోసుకుని, దోసిట్లో దుమ్ము పట్టుకుని, ఒక ఇంటి ముందు నిలబడి శాపనార్థాలు ఎత్తుకుందంటే ఆ వీధిలో కాగే పాలు విరిగిపోతాయనేవాళ్ళు. "నీ గాదె గుల్లగాను! నీ పాడి ఎండిపోను! నీ ఇంట దీపం కొండెక్కిపోను!" అని మొదలుపెట్టి పొద్దు నెత్తి మీదికొచ్చేదాకా తిట్టేది. ఒకసారి తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టేది కాదు. చివరికి ఆ దుమ్ము గడప మీద పోసి వెళ్ళిపోయేది.

అందుకని ఊళ్ళో ఎవరికి ఎవరి మీద కోపం వచ్చినా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. గట్టు తగాదా వచ్చిందా, గురివిని పిలు. కుదిరిన పెళ్ళి చెడిందా, గురివిని పిలు. గడ్డివాము తగలబడిందా, గురివిని పిలు. తిట్టించినవాళ్ళు జొన్నలు పోసేవాళ్ళు. అవి దంచుకుని, సంకటి చేసుకుని తినేది. మర్నాడు మళ్ళీ ఎవరో పిలిచేవాళ్ళు. అలా ఏళ్ళు గడిచాయి. ఉత్తి గురివి అనడం అందరూ మర్చిపోయారు. శాపాల గురివి అనేవాళ్ళు.

ఒకసారి గూడేనికి ఒక క్రైస్తవ బోధకుడు వచ్చాడు. పేరు జకరయ్య. పిల్లలకి అక్షరాలు చెబుతాడని పంతులు అని పిలిచేవాళ్ళు. ఆయన వస్తూనే బడి కోసం ఒక పాక లేపడం మొదలుపెట్టాడు. గూడెం పిల్లలకి చదువేమిటని ఊరి పెద్దలకి కంటగింపయింది. గురివిని పిలిచారు.

"ఒసే గురివీ, ఆ పంతులు మళ్ళీ మన పొలిమేర తొక్కకూడదు. అట్టా తిట్టు."

గురివి వెళ్ళింది. దోసిట దుమ్ము పట్టింది. జకరయ్య పాక మీద కూర్చుని తాటాకు కప్పుతున్నాడు. ఈమె తిడుతోంది, ఆయన కప్పుతున్నాడు. ఈమె తిడుతోంది, ఆయన కప్పుతున్నాడు. పొద్దు నెత్తి మీదికొచ్చింది. ఆయన నిచ్చెన దిగి ఆమె దగ్గరికొచ్చాడు. గూడెమంతా పనులాపి చూస్తోంది.

"అమ్మా, అలిసిపోలేదా?" అన్నాడు.

అంతే.

గురివిని బుద్ధెరిగిన కాడినుంచీ ఎవరూ ఆ మాట అడగలేదు. బాగా తిట్టావే అన్నవాళ్ళున్నారు. ఇంకా తిట్టవే అన్నవాళ్ళున్నారు. అలిసిపోయావా అన్నవాళ్ళు లేరు. వేళ్ళ సందుల్లోంచి దుమ్ము జారిపోయింది. ఉన్నచోటనే చతికిలబడింది.

"అలిసిపోయానయ్యా," అంది. "చానా అలిసిపోయాను."

ఆ తర్వాత సాయంత్రాలు ఆ పాకలో వెనక మూల కూర్చుని వాక్యం వినడం మొదలుపెట్టింది. విన్నకొద్దీ వినాలనిపించింది. మాఘమాసంలో జకరయ్య పంతులు ఆమెకి వాగులో బాప్తిస్మం ఇచ్చాడు. "పాత గురివి ఈ నీళ్ళలో చచ్చిపోయింది. లేచింది కొత్త మనిషి. ఇవాళ్టినుంచి నీ పేరు దీవెనమ్మ," అన్నాడు.

కథ ఇక్కడ అయిపోతే బావుండును. దీవెనమ్మా అలాగే అనుకుంది. కొత్త పేరు వచ్చింది, ఇక అలుపు తీరుతుంది అనుకుంది.

తీరలేదు. తిట్టడం మానేసింది గనక జొన్నలు పోసేవాళ్ళు లేరు. పొద్దున్నే లేచి మిరపచేలో కూలికి వెళ్ళేది. ముదిరిన వయసు, వంగని నడుము. మేస్త్రి అరిచాడంటే తిట్టు గొంతులోకి వచ్చేది. పక్క సాలు మనిషి నవ్విందంటే తిట్టు నాలిక మీదికి వచ్చేది. కాల్లో తుమ్మముల్లు దిగిందంటే తిట్టు పళ్ళ దాకా వచ్చేది. వచ్చినదాన్ని వచ్చినట్టు మింగేది. మింగిన తిట్టు సంకటి ముద్దకన్నా బరువు.

"పంతులయ్యా, ఒళ్ళంతా మునిగింది గానీ నా నాలిక మునిగినట్టు లేదయ్యా," అంది.

"దాన్ని రోజూ ముంచుకోవాలమ్మా," అన్నాడు ఆయన.

"రోజూనా?" అంది దీవెనమ్మ నీరసంగా.

అయినా మింగుతూనే ఉంది. కొన్నాళ్ళకి ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. నేను దుమ్ము పోసిన గడపలు చాలా ఉన్నాయి. ఆ గడపలకి పోయి ఒక మంచి మాట చెప్పొస్తే నా గుండె తేలికవుతుంది, అనుకుంది. బయల్దేరింది.

మొదట కొండయ్య ఇంటికి వెళ్ళింది. ఒకప్పుడు ఈమె తిట్టిపోయిన వారానికే అతని కోడెగిత్త చచ్చిపోయింది. ఆమెని చూడగానే కొండయ్య ములుగర్ర పట్టుకుని లేచాడు.

"శాపాల గురివివి కాదూ?"

"గురివి చచ్చిపోయిందయ్యా. నేను దీవెనమ్మని. మీ గొడ్డూ గోదా చల్లగుండాలని చెప్పిపోదామని వచ్చాను."

"నువ్వు చల్లగుండాలన్నా నాకు వణుకే! పో అవతలికి!" అని కుక్కని ఉసిగొలిపాడు.

కాళ్ళీడ్చుకుంటూ వచ్చేసింది.

రెండోసారి అంకయ్య ఇంటికి వెళ్ళింది. గోడ తగాదాలో అతని అన్న ఈమె చేత తిట్టించాడు. అంకయ్య ఆమెని చూసి మొహం చాటంత చేసుకుని నవ్వాడు.

"శాపాల గురివివి కాదూ? సమయానికొచ్చావే!"

"గురివి చచ్చిపోయిందయ్యా. నేను దీవెనమ్మని. ఈ ఇల్లు చల్లగుండాలని చెప్పిపోదామని..."

"అది సరేలే. మా అన్నని ఒక్క పూట తిట్టిపో. వాడు పోసినదానికి రెండింతలు జొన్నలు పోస్తా."

"నేను తిట్టనయ్యా."

"తిట్టకపోతే నీ దీవెనలు ఎవరిక్కావాలే?" అని తలుపేసుకున్నాడు.

కాళ్ళీడ్చుకుంటూ వచ్చేసింది.

మూడోసారి ఆదెమ్మ ఇంటికి వెళ్ళింది. ఆ గడప తొక్కాలంటే దీవెనమ్మకి కాళ్ళు రాలేదు. ఎందుకంటే, ఒకప్పుడు ఆదెమ్మ తోటికోడలు ఆమె మీద పగపట్టి గురివిని పిలిచింది. గురివి వెళ్ళి "నీ ఒడి ఖాళీగాను" అని తిట్టింది. నెల తిరక్కముందే ఆదెమ్మ కూతురు నాంచారి జ్వరమొచ్చి పోయింది. నడక వచ్చీరాని పిల్ల. మళ్ళీ ఆదెమ్మకి కడుపు పండలేదు.

"ఎవరే అది? శాపాల గురివివి కాదూ?" లోపల్నుంచి ఆదెమ్మ గొంతు.

"గురివి చచ్చిపోయిందమ్మా. నేను దీవెనమ్మని."

లోపల గడియ తీసిన చప్పుడైంది. తర్వాత ఆదెమ్మ గడప దగ్గరికొచ్చింది. అరవలేదు. చిన్నగా అడిగింది.

"చచ్చిపోయిందా? ఎప్పుడు చచ్చింది?"

"మాఘంలో, వాగులో అమ్మా."

"అదృష్టవంతురాలు. మరి నా బిడ్డ సంగతి నేనెవర్నడగాలి? చచ్చినదాన్నా? నీకు కొత్త పేరొచ్చింది. నా నాంచారికేదే కొత్త పేరు? దాన్ని ఏ వాగులో ముంచితే లేచొస్తుంది?"

తలుపు మూసుకుంది.

దీవెనమ్మ ఎలా గూడెం చేరిందో ఆమెకే తెలియదు. తిన్నగా జకరయ్య పంతులు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పింది.

"నీ తిట్టుకి బిడ్డని చంపే బలం లేదమ్మా," అన్నాడు ఆయన. "ప్రాణం పోసేది దేవుడు, తీసుకునేది దేవుడు. ఆ పిల్లకి వచ్చింది జ్వరం."

"నా తిట్టు చంపిందో లేదో నాకు తెలీదయ్యా. చావాలని వీధిలో నిలబడి అరిచింది మాత్రం నేనే. జొన్నల కోసం అరిచాను. ఆ పిల్ల మొహం ఎట్టాగుంటుందో కూడా నాకు తెలీదు."

పంతులు చేతిలో పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"కొత్త పేరు చాటున దాక్కున్నానయ్యా," అంది దీవెనమ్మ. "మళ్ళీ పోతాను."

"ఓపికుందా అమ్మా?"

"లేదు. అయినా పోతాను."

ఆదివారం ప్రార్థన కాగానే వెళ్ళింది. అరుగెక్కలేదు. ఆదెమ్మ గడప ఎదురుగా, వాకిట్లో నేల మీద కూర్చుంది. తలుపు తెరుచుకోలేదు. పొద్దువాలాక లేచి వచ్చేసింది. మళ్ళీ ఆదివారం వెళ్ళింది. తలుపు తెరుచుకోలేదు. ఎండలు వచ్చి పోయాయి, తలుపు తెరుచుకోలేదు. వానలు వచ్చి పోయాయి, తలుపు తెరుచుకోలేదు. చలి వచ్చి పోయింది, తలుపు తెరుచుకోలేదు. దారిన పోయేవాళ్ళు "ఏం దీవెనమ్మా, దీవించడం అయిందా?" అని నవ్వేవాళ్ళు. తిట్టు గొంతులోకి వచ్చేది. మింగేది.

ఒక ఆదివారం తలుపు తెరుచుకుంది. ఆదెమ్మ నిలబడి ఉంది. జుట్టు నెరిసిపోయింది.

"ఎవరే నువ్వు?" అంది.

"గురివినమ్మా."

"గురివి చచ్చిపోయిందన్నావుగా?"

"అట్టా అనుకున్నాను. నీ వాకిట్లో చావలేదు. నేనే. నువ్వు అడగాల్సింది నన్నే. అడుగు."

ఆదెమ్మ అడగడం మొదలుపెట్టింది. ముందు తిట్టబోయింది. కానీ పాపం ఆమెకి తిట్టడం రాదు. "నీ చేతులు పడిపోను... నీ చేతులు..." అని అక్కడే తడబడింది. అంతకన్నా పదునైన తిట్లు వంద దీవెనమ్మకి తెలుసు. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. "అవునమ్మా, నేనే," అంది.

తిట్లు అయిపోయాక ఆదెమ్మ పిల్ల సంగతి చెప్పడం మొదలుపెట్టింది. నాంచారి ఎలా నడిచేది, పడితే ఎలా ఏడ్చేది, పిల్లిని పట్టుకుని ఏమని పిలిచేది. జ్వరంలో పెరుగన్నం అడిగితే పెట్టొద్దన్నారని పెట్టలేదు. ఆ పెరుగు ఇంకా ఉట్టి మీద ఉండగానే పిల్ల పోయింది. ఇది చెప్పేటప్పుడు ఆదెమ్మ గోడ పట్టుకుంది.

దీవెనమ్మ నాలిక మీదికి మూడు సాకులు వచ్చాయి. నిన్ను తిట్టించింది నీ తోటికోడలమ్మా అనే సాకు వచ్చింది. మింగింది. పిల్లకి వచ్చింది జ్వరమమ్మా అనే సాకు వచ్చింది. మింగింది. నాకు ఆకలి అమ్మా అనే సాకు వచ్చింది. అది నిజం కూడా. దాన్ని మింగడం అన్నిటికన్నా కష్టమైంది. మింగింది.

"అవునమ్మా, నేనే," అంది. మళ్ళీ "అవునమ్మా, నేనే," అంది.

పొద్దు వాలింది. ఆదెమ్మకి గొంతు పోయింది. గడప మీద కూలబడింది. ఈమె కింద, ఆమె పైన. ఇద్దరు అలిసిపోయిన ఆడవాళ్ళు.

"నాకు సరిగ్గా తిట్టడం కూడా రాదు," అని ఏడ్చింది ఆదెమ్మ.

కాసేపటికి లేచి లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆ రోజుల్లో ఊళ్ళోవాళ్ళు గూడెంవాళ్ళకి చెంబు ఇచ్చేవాళ్ళు కాదు, ఎత్తు నుంచి దోసిట్లో పోసేవాళ్ళు. ఆదెమ్మ చెంబు ఆమె చేతికే ఇచ్చింది.

"నిన్ను మన్నించాననుకోకు," అంది.

"అనుకోనమ్మా."

"వచ్చే ఆదివారం వస్తావా?"

"వస్తాను."

"రా. ఇంకా ఉంది."

దీవెనమ్మ వెళ్ళింది. ఆ ఆదివారం వెళ్ళింది, తర్వాత ఆదివారం వెళ్ళింది. చెప్పేకొద్దీ తిట్లు తగ్గాయి, నాంచారి ముచ్చట్లు పెరిగాయి. ఆ పిల్ల గురించి వినేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ మిగల్లేదు మరి. చివరికి ఒకరోజు ఆదెమ్మే అడిగింది. "మొదటిసారి ఏదో మంచి మాట చెప్పిపోదామని వచ్చావుగా, ఏంటది?"

దీవెనమ్మకి అప్పటికి చూపు ఆనడం లేదు, ఊపిరి అందడం లేదు. తిట్లయితే వేలు కట్టిన నోటికి దీవెన దగ్గర మాటలు దొరకలేదు. "చల్లగా ఉండు తల్లీ," అంది. అంతే అనగలిగింది.

"సరే," అంది ఆదెమ్మ.

మళ్ళీ వచ్చిన చలికాలంలోనే దీవెనమ్మ పోయింది. గూడెం స్మశానానికి ఊళ్ళోంచి ఆదెమ్మ ఒక్కతే నడిచి వెళ్ళింది. అంతకుముందు ఊరి ఆడమనిషి ఎవరూ ఆ దారి తొక్కలేదు. సమాధి మీద మన్ను వేసి, జకరయ్య పంతులుతో అందట: "పేరు చెప్పినప్పుడు నేను నమ్మలేదయ్యా. గురివినే అని నా వాకిట్లో కూర్చుందే, అప్పుడు నమ్మాను దీవెనమ్మ అని."

ఇదీ జరిగిన సంగతి. ఆ ఊళ్ళిప్పుడు చాలా మారాయి. కానీ ఆ చుట్టుపక్కల, ప్రభువుని నమ్మినవాళ్ళైనా, నమ్మనివాళ్ళైనా, ఒకరికి కీడు చేసి కలవాలనుకుంటే పండూ ఫలం పట్టుకుపోరు. పెద్దమనుషుల్ని పంపరు. అవతలివాళ్ళ వాకిట్లో నేల మీద కూర్చుంటారు. "నేనే. అడుగు," అంటారు. దాన్ని దీవెనమ్మ కూర్చోవడం అంటారు. అవతలివాళ్ళు అనాల్సిందంతా అని, అలిసిపోయి, వాళ్ళే నీళ్ళు తెచ్చేదాకా లేవకూడదు. ఒక్క పూటతో అవుతుందనీ లేదు. ఎండ మాడు మీద కొడుతుంది. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఎక్కడో మధ్యలో మంచి సాకు ఒకటి నాలిక చివరికొస్తుంది. అది మొహం చూస్తే తెలిసిపోతుంది. అప్పుడు పక్క అరుగుల మీద కూర్చున్న ముసలమ్మలు మెల్లిగా అంటారు:

"మింగు నాయనా, మింగు."