మూడే మూడు అమ్ముడుపోయిన కంప్యూటరు

అనగనగా, ఒక్కో కంప్యూటరుకి ఒక్కో మేడ కావలసిన రోజుల్లో, ఒక రాజ్యం. మీ చేతిలో ఫోను చేసే లెక్కకి అప్పుడు ఇల్లంత యంత్రం ఉండేదర్రా! ఆ రాజ్యంలో వాటిని చేసేవాళ్ళు ఇద్దరే. కామాచారి ఒకడు, అతని తమ్ముడి భార్య కనకరత్నం ఇంకొకరు. ఊఁ కొట్టరేం? నేను గోడకి చెబుతున్నానా?

కామాచారి కంప్యూటరు పెళ్ళికొడుకులా నిగనిగలాడేది. కానీ దానికో జబ్బు. లెక్క జరిగే ముందుపెట్టె చిన్నది, అందులో కొన్ని అంకెలే పట్టేవి, మిగతావన్నీ వెనక పెద్దపెట్టెలో ఉండేవి. వానెప్పుడొస్తుందో లెక్క కట్టాలంటే, ఏ అంకె ఎప్పుడు ముందుకి రావాలో మనిషే రాసివ్వాలి. తే అని రాయాలి, పెట్టు అని రాయాలి, తియ్యి అని రాయాలి, మళ్ళీ తే అని రాయాలి. లెక్క గోరంత, రాత కొండంత.

కనకరత్నం ఒకరోజు పప్పుకి పోపు పెడుతోంది. పొయ్యి పక్కన పోపులడబ్బా, అటక మీద పెద్ద డబ్బాలు. జీలకర్ర నిండుకుంటే నేనే అటకెక్కి తెచ్చుకుంటున్నాను కదా, నాకెవరైనా చీటీ రాసిస్తున్నారా అనుకుంది. అంతే! ఏడేళ్ళు కూచుని, కావలసింది తనే వెతికి తెచ్చుకుని, అక్కర్లేనిది తనే వెనక పెట్టుకునే కంప్యూటరు చేసింది. ఆ రోజు పప్పు మాడిందనుకోండి.

తీరా చూస్తే కామాచారివి వంద అమ్ముడయ్యాయి. రాజు కొన్నాడు, మంత్రి కొన్నాడు, రాజుగారి బావమరిదీ కొన్నాడు, వాడికి లెక్కలే రావు. ఈవిడవి మూడే మూడు! ఖరీదెక్కువ, ఆలస్యం కూడా అయింది మరి. పనిశాల మూతపడింది. తాళం వేస్తూ ఏడ్చింది పిచ్చితల్లి, ఏడేళ్ళ ఆలోచన ఆ గదిలోనే తుప్పు పడుతుందేమోనని. అయినా ఎలా చేశావని ఎవరడిగినా, కొన్నవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, ఆ మూడింట్లో ఒకటి విప్పి మరీ చూపించేది. నిద్రపోతున్నారా, వింటున్నారా?

ఇరవై ఏళ్ళు గడిచాయి. కామాచారి వందా పాతసామాన్లవాడికి పోయాయి. ఆయన కొత్త కంప్యూటరు చేసి మరదల్ని చూడ్డానికి రమ్మన్నాడు. ఆవిడ మూత తీసి చూసింది. ముందు చిన్నపెట్టె, వెనక పెద్దపెట్టె, తెచ్చుకోడం దానిదే, పెట్టుకోడం దానిదే! ఇదెక్కడ నేర్చారు బావగారూ అనడిగింది.

ఆయన తెల్లబోయి, "నేర్చుకోడమేంటమ్మా? కంప్యూటరంటే ఇలాగే ఉంటుందిగా!" అన్నాడు.

నాకైతే ఒళ్ళు మండిపోయేది, నాలుగు దులిపేసి వచ్చేదాన్ని. కనకరత్నం మాత్రం కడుపుబ్బ నవ్వింది. తన పేరు మర్చిపోతే పోయారు, తన పద్ధతి లేని కంప్యూటరు ఎలా ఉండేదో కూడా మర్చిపోయారు కదా అని ఆవిడ సంతోషం. ఆ పూట బావగారింట్లోనే కడుపునిండా భోంచేసి, హాయిగా ఇల్లు చేరింది. అంచేత, మంచి ఉపాయం తడితే దాచుకోకండర్రా, నలుగురికీ చూపించండి.

కథ కంచి బస్సెక్కింది, ఇక మీరు దుప్పట్లో దూరండి.